ఇసుక కప్పుకున్న చేపలు

కాకినాడ, 9-11-87

అమ్మా, నేను నీ కొడుకు మార్కును. బాగనే ఉన్న, పని పోలేదు, రంది పడకు.

గుడ్లు పెట్టించేటందుకు సముద్రంల పట్టి మా చేపపిల్లల కేంద్రం తొట్లల్ల ఏసిన తల్లి చేపలు బతికినయ్. అవి అట్టు లెక్క పల్చగ, ఒక్క పక్కకే పండుకొని ఉంటయ్. మొదటి రోజు చచ్చినయనుకొని రెండింటిని బయటికి తీసి కేంద్రం సారుతోని తిట్లు తిన్న. తర్వాత వారంల ఐదు నిజంగనే చచ్చినయ్. మిగిలినయ్ మేత ముట్టలే. ఇవి గూడ పోతే మమ్ముల ఇంటికి పంపిస్తమన్నరు.

నువ్వు కొర్రమీనును కుండల ఉంచేటప్పుడు పిడికెడు చెరువు ఒండ్రు ఏసేదానివి, అది యాదికొచ్చింది. సారును అడిగి తొట్టి అడుగున సముద్రపు ఇసుక పరిచిన. చేపలు ఇసుక కప్పుకొని కండ్లు మాత్రం బయట పెట్టినయ్. మూడోనాడు రొయ్య ముక్కలు తిన్నయ్. నెలయింది, ఒక్కటి గూడ చావలే.

బర్రె ఈనిందా? అంతోనయ్య మామ వస్తే చింతకాయ తొక్కు పంపు. ఆదివారం ప్రార్థనల నా చేపలను గూడ తల్సుకో. నాయినకు వందనాలు.

చెల్లే సంపూర్ణా, ఈ కింది ముక్క అమ్మకు రెండుసార్లు చదివి చెప్పు. ఇసుక ఉపాయం ఎవరు నేర్పిండ్రని సారు అడిగితే మా అమ్మ అని పేరు, ఊరు చెప్పిన. ఆయన రిజిస్టర్ల 'విశ్రాంతమ్మ, కల్లూరు' అని రాసుకున్నడు.