రేడియోకి నాలుగో పేరు

ప్రియమైన తమ్ముడికి,

అక్క ఆశీస్సులు. అవి ఇక్కడితో ఆపి తిట్లు మొదలుపెడుతున్నా.

ఇవాళ స్టూడియోకి వెళ్ళేసరికి నిచ్చెన వేసుకుని ఒకాయన మా బోర్డు గీకేస్తున్నాడు. మైకు ముందు పంతొమ్మిదేళ్ళుగా కూర్చుంటున్నాను. చేరినప్పుడు 'ఏటిగట్టు రేడియో'. తర్వాత 'స్వరధార' అన్నారు, ఓర్చుకున్నా. 'సిటీ తొంభై' అన్నారు, నోరు తిప్పుకున్నా. ఇప్పుడు 'జిల్ జిల్'! గంటకి ముప్పైసార్లు నవ్వుతూ అనాలట. యాభై ఏళ్ళదాన్ని, సోడాలమ్ముతున్నానా? అరికాలి మంట నెత్తికెక్కింది.

పేరుతో పాటు, రోజూ సాయంత్రం నేను చదివే ఏటి నీటిమట్టం కూడా తీసేశారు. పల్లపు వీధి వాళ్ళు అది వింటేగానీ నిశ్చింతగా పడుకోరు. "పాత వాసన, మేడం" అన్నాడు మేనేజరు. మమ్మల్ని కొన్న కంపెనీ హెడ్డాఫీసులోనే కదా నువ్వుండేది! ఈ పేరు పెట్టిన మహానుభావుడెవరో కనుక్కుని రాయి.

కోపంతో,
మీ అక్క

ప్రియమైన అక్కా,

నీ ఉత్తరం పట్టుకుంటే చెయ్యి కాలింది. కాస్త చల్లబడు. సర్వే చేశాం, ఈ కాలం వాళ్ళకి ఆ పేరు నచ్చింది. నీటిమట్టం ఇప్పుడు ఫోన్లలోనే దొరుకుతోంది. పేరు ఏ ఒక్కరో పెట్టింది కాదు, మీటింగులో తేలింది. నీ ఉద్యోగానికి ఢోకా లేదు, నాది పూచీ. బావ మోకాలి నొప్పి తగ్గిందా?

ప్రేమతో,
తమ్ముడు

తమ్ముడికి,

'ప్రియమైన' అని రాయడానికి చెయ్యి రావడం లేదు.

మంగళవారం మధ్యాహ్నం పైన డ్యాం గేట్లెత్తారు. అక్కడి ఆపరేటరు అలవాటు కొద్దీ నాకే ఫోన్ చేశాడు. "రెండు గంటల్లో మీ పల్లపు వీధిలో నీళ్ళుంటాయమ్మా." అప్పుడు మీరు పంపిన రికార్డు ప్రోగ్రాం నడుస్తోంది. ఆపమన్నా. "హెడ్డాఫీసు పర్మిషన్ కావాలి మేడం" అని మేనేజరు నలభై నిమిషాలు ఫోన్లు తిప్పుతూ కూర్చున్నాడు. ఇక లాభం లేదని అతన్ని పక్కకి తోసి మైకు ఆన్ చేశా. "ఇది ఏటిగట్టు రేడియో. పల్లపు వీధి ఖాళీ చెయ్యండి" అని గొంతు పోయేదాకా అరిచా. విన్నవాళ్ళు విననివాళ్ళ తలుపులు బాదారు. వీధి వీధంతా కదిలింది.

దర్జీ తాత ఒక్కడే కదల్లేదు. భార్య కూతురింటికెళ్ళింది. ఆయనా వెళ్ళాడనుకున్నారు పక్కవాళ్ళు. వెనక గదిలో కునుకు తీస్తున్నాడు. కుట్టుమిషను పక్కన పొద్దస్తమానం మోగే రేడియోని, పేరు మారిన రోజే కట్టేశాడట. "అది మనది కాదులే" అన్నాడట.

మర్నాడు శవాన్ని తీశారు. అనుమతి లేకుండా మైకు తీసుకున్నానని, పాత పేరు పలికానని నన్ను సస్పెండ్ చేశారు. మీ సర్వేలో ఆ ముసలాయన్ని అడిగారట్రా?

అక్క

ప్రియమైన అక్కా,

అలా పిలవనిస్తావో లేదో. నీతో అబద్ధం చెప్పాను. ఆ పేరు పెట్టింది నేనే. చప్పట్లు కొట్టారు, ప్రమోషనిచ్చారు. నీటిమట్టం తీసెయ్యమని కాగితం మీద సంతకం పెట్టిందీ నేనే. అది చదివేది నువ్వని తెలిసీ పెట్టాను.

ఆ కాగితం, తాత చావు మీద విచారణకొచ్చిన అధికారి చేతికిచ్చేశాను. నిన్ను మళ్ళీ తీసుకుంటారు. నా ఉద్యోగం పోయింది. ఆదివారం వస్తున్నా. తలుపు తీస్తావా?

తమ్ముడు

తమ్ముడికి,

రా. బస్సు దిగి తిన్నగా మా ఇంటికి మాత్రం రాకు. ముందు దర్జీ తాత భార్య దగ్గరికెళ్ళు. కంపెనీ అనీ కాలం అనీ నసగకు. నేనే చేశానని చెప్పు. ఆవిడ ఏమన్నా నిలబడి విను. చెయ్యెత్తితే తప్పుకోకు.

ఆ తర్వాత రా, అన్నం పెడతాను. క్షమించావా అని మాత్రం అడక్కు.

అక్క