ఎవరూ తిట్టని దండ

చెల్లీ ఖ్వానా,

నీ ఉత్తరం అందింది. అమ్మకు చదివి వినిపించాను. "అక్కా, నువ్వు పంపిన పూసల దండ చాలా అందంగా ఉంది. నీకు ఎంతో కృతజ్ఞతలు" అని రాశావు. అమ్మ అంతా విని, "ఎవరిదే ఈ ఉత్తరం? పొరపాటున మనింటికి వచ్చిందేమో చూడు" అంది. నవ్వబోయాను గానీ నవ్వు రాలేదు.

ఆ దండకు వాడిన నిప్పుకోడి గుడ్డు పెంకులు, చిన్నప్పుడు మనిద్దరం ఆడుకున్న ఇసుకదిబ్బ వెనకే దొరికాయి. ఒక్కో ముక్కకూ బెజ్జం పెట్టి, రాతి మీద గుండ్రంగా అరగదీసి, దుప్పి నరానికి గుచ్చేసరికి వానలు వెళ్లిపోయాయి. చుకో అత్తకు చూపిస్తే, "ఛీ, ఇవి పూసలా, మేక పళ్లా? కుక్క మెడలో వేసినా తెంపుకుని పారిపోతుంది" అంది. ఎంత పొంగిపోయానో! మనవాళ్లు మెచ్చుకున్నా తిట్టే మెచ్చుకుంటారు; బాగున్నదాన్ని బాగుందని మొహం మీదే చెప్పేది పరాయివాళ్లే కదే.

విండ్‌హోక్ పట్నంలో హోటల్లో పనిచేసేదానివి, ఆ మర్యాదలు అక్కడ కావాలి. కాదనను. కానీ అవి నాకెందుకే?

ఇంకో దండ పంపుతున్నాను. నీకు నలుపు ఇష్టమని కొన్ని పెంకులు వేడి బూడిదలో కాల్చాను. మెడలో వేసుకుని అద్దంలో చూసుకో. తర్వాత, చిన్నప్పుడు తిట్టినట్టే నోటికొచ్చినట్టు తిట్టి రాయి. "ఈసారైనా నా కూతురు రాస్తుందా?" అంటూ అమ్మ ఉత్తరాల బండి వచ్చే దారి చూస్తోంది.

ఒక్క మంచి మాట కూడా రాయకు.

మీ అక్క