నలుసు పడింది

చిరంజీవి అయిన నా కొడుక్కి అమ్మ దీవించి రాయునది. ఇక్కడ నేనూ నా కోడలూ ప్రాణాలతో ఉన్నాం. అక్కడ సొరంగం పనిలో నువ్వూ, నీ తోటివాళ్లూ క్షేమంగా ఉన్నారని తలుస్తాను.

నీ ఉత్తరం అందింది. దగ్గు తగ్గిందన్నావు, సంతోషం. రాయి పేల్చేటప్పుడు ముక్కుకి తడిగుడ్డ కట్టుకోమని ఎన్నిసార్లు చెప్పినా నీ చెవికెక్కదు. దుప్పటి చాలడం లేదన్నావు, ఇంకొకటి పంపుతాను. మన రొట్టెల బట్టీ ఎలా నడుస్తోందని అడిగావు. కొన్నాళ్లు మూతపడింది, మళ్లీ వెలిగించాను. ఎందుకు మూతపడిందో చెబుతాను గానీ, ముందు నువ్వడిగిన అసలు సంగతికి రానీ.

"నీ కోడలు నలుసు పడిందని రాసింది. చల్లనీళ్లతో కళ్లు కడుక్కో, తగ్గకపోతే కళ్ల డాక్టరుకి చూపించుకో అని జవాబు రాశాను. అప్పట్నుంచీ ఉలుకూ పలుకూ లేదు. నా మీద కోపమా అమ్మా?" అని అడిగావు. ఓరి పిచ్చి నాయనా! నలుసు పడింది కంట్లో కాదురా, కడుపులో. నువ్వు తండ్రివి కాబోతున్నావు.

తప్పు నీది కాదులే. నీ వెనక ఇంకొకరు పుట్టి ఉంటే ఇంట్లో ఆ మాట నీ చెవిన పడేది. నలుసంటే కంటికి ఆనీ ఆననంత తునక. కంట్లో పడ్డదాన్ని నలక అని కూడా అంటాం. కడుపులో పడ్డదాన్ని మాత్రం ఎవరూ నలక అనరు, నలుసే. ఆ మాట ఎక్కడిదో నాకు సరిగ్గా తెలియదు. దేన్నయినా నలిపితే రాలేది నలుసు అని మా అమ్మ చెప్పేది. నువ్వు నా కడుపున పడ్డప్పుడు, "మరి పుట్టబోయే బిడ్డని అలా అంటారేంటే?" అని అడిగాను. "బిడ్డ అనడానికి ఇంకా భయం, ఏమీ కాదనడానికి మనసొప్పదు. అందుకని" అంది.

నీ జవాబు చేత్తో పట్టుకుని ఆ మధ్యాహ్నం కోడలు బట్టీకి పరుగెత్తుకొచ్చింది. పిండి బస్తా మీద కూలబడి పొట్ట పట్టుకుని నవ్వింది.

"కళ్లు కడుక్కోమంటున్నాడత్తయ్యా మీ అబ్బాయి!"

నాకు తెలియడమూ అప్పుడే. ఇద్దరం నవ్వుకున్నాం. ఆ నవ్వు ఇంకా గొంతులో ఉండగానే వాళ్లన్న లోపలికొచ్చి షట్టరు కిందికి లాగేశాడు. మీరు రిజిస్టరు ఆఫీసులో పెళ్లి చేసుకున్న సంగతి అతనికి చెప్పే ధైర్యం లేకే కదా ఆ పిల్ల ఇన్నాళ్లూ అన్న ఇంట్లో ఉంటోంది. వాంతులు దాచితే దాగుతాయా? పసిగట్టి, వెంటే వచ్చాడు. లారీ షెడ్డు నుంచి నేరుగా వచ్చినట్టున్నాడు, చేతిలో చక్రాల బోల్టులు విప్పే ఇనుప రాడ్డు ఉంది.

"ఎవడిదే అది?"

"నా మొగుడిదన్నా. పెళ్లయింది. కాగితం కూడా..."

మాట పూర్తికాలేదు. జుట్టు పట్టి, ముఖాన్ని పిండి పిసికే బల్లకేసి కొట్టాడు. పన్ను విరిగి పిండిలో పడింది. తెల్లటి పిండి ఎర్రగా ముద్దకట్టింది. నేను అడ్డం వెళితే రాడ్డు నా ఎడమ చేతి మీద దిగింది. ఎముక విరిగిన చప్పుడు నాకే వినిపించింది. కిందపడ్డాను.

"నిన్ను చంకనేసుకుని పెంచాను కదే! నా నోటి దగ్గర ముద్ద నీ నోట్లో పెట్టాను కదే!"

ఏడుస్తూ తన్నాడురా. నిజంగా ఏడుస్తున్నాడు. అది మోకాళ్లు ముడుచుకుని, రెండు చేతులూ కడుపుకి అడ్డం పెట్టుకుని, వీపు అప్పగించేసింది.

"వీపు మీద కొట్టన్నా. ఎంతైనా కొట్టు. వీపు మీదే కొట్టు."

అతను కాలితో వెల్లకిలా తిప్పాడు. బూటు కడుపు మీదికి ఎత్తాడు. "దీన్ని ఇక్కడే నలిపేస్తా" అన్నాడు.

రొట్టెలు తీసే ఇనుప తెడ్డు బట్టీలోనే ఉంది. పిడి తప్ప అంతా ఎర్రగా కాలి ఉంది. బాగున్న చేత్తో లాగి, అంచుతో మెడ మీద కొట్టాను. పడిపోయాడు.

ఆసుపత్రిలో నా పక్కన కానిస్టేబులు కూర్చుంది. నర్సు వచ్చి, "పిండం క్షేమమేనండి" అంది. ఆ మాట వినగానే బల్ల మీది ఎర్రటి ముద్ద కళ్లముందు మెదిలింది. "మామూలు మాటల్లో చెప్పు తల్లీ, బతికుందా లేదా?" అన్నాను. "గుండె కొట్టుకుంటోందమ్మా" అంది. అప్పుడు ఏడ్చాను.

ఇక్కడిదాకా రాసి కలం పక్కన పెట్టేశాను. మిగతాది రాయకుండా కవరు అంటించేద్దామనుకున్నాను. కానీ ఎవరో చెబితే వినడం కంటే నా నోటే వినడం మేలు.

వాళ్లన్న చచ్చిపోయాడు. నేనే చంపాను. మొదటి దెబ్బకి చావలేదు. మొదటి దెబ్బకి మోకాళ్ల మీద కూలాడు. రాడ్డు వదిలేశాడు. రెండు చేతులూ ఎత్తి, "వద్దమ్మా" అన్నాడు. ఆ చేతులు నేను చూశాను, ఆ మాటా విన్నాను. అయినా రెండోసారి కొట్టాను. అప్పటికి దాన్ని కాపాడటం అయిపోయింది. ఆ రెండో దెబ్బ నా కసి. పోలీసులకి ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను. మన లాయరు తల పట్టుకున్నాడు.

నీ భార్య అంతా చూసింది. నేను బెయిలు మీద వచ్చేసరికి మన గుమ్మంలో కూర్చుని ఉంది. ఇంకెక్కడికి వెళుతుంది? నేను వండింది తింటుంది, పళ్లెం తనే కడుక్కుంటుంది, నాతో మాట్లాడదు. అన్న చొక్కా ఒకటి తెచ్చుకుని తలకింద పెట్టుకుంటోంది. నేనేమీ అనలేదు. ఏమనను? దాన్ని పెంచింది అతనే.

నిన్న ఒంటిచేత్తో పిండి జల్లిస్తుంటే వచ్చి జల్లెడ లాక్కుంది. కాసేపు జల్లించి, చటుక్కున ఆగి, కడుపు మీద చెయ్యి వేసుకుంది.

"కదిలింది" అంది, తనలో తను అనుకున్నట్టు.

నా కుడిచెయ్యి దానంతటదే ముందుకి వెళ్లింది. కోడలు వెనక్కి జరిగింది.

"వద్దత్తయ్యా. ఆ చేత్తో వద్దు."

చెయ్యి తీసేసుకున్నాను. దాని తప్పేం లేదు. కాసేపటికి, "ఆయన్ని రమ్మని రాయండి" అంది.

అందుకే రాస్తున్నాను. మీ మేస్త్రి సెలవిస్తే సరే, లేదంటే పని వదిలేసి వచ్చెయ్. నా కేసు కోసం కాదు, నాకు పడే శిక్ష నేను పడతాను. బిడ్డ కదులుతుంటే చూడటానికి దానికో మనిషి కావాలి. ఇంట్లో ఉన్న మనిషి పనికిరాదు.

ఇట్లు,
నిన్ను కన్న
అమ్మ