బావగారి వేడిగాలి

మదురై, చిత్తిరై నెల, శుక్రవారం

పక్కింటి బావగారి ఏసీ అవుట్‌డోర్ యూనిట్ నాలుగు వేసవులుగా మా వంటింటి కిటికీలోకే వేడిగాలి కక్కుతోంది. తిప్పి పెట్టమని బతిమాలితే, "పడకపోతే జన్నలు మూసుకోమ్మా" అన్నాడు ఆ మహానుభావుడు.

ఈరోజు మా ఇల్లంతటికీ ఏసీ పెట్టడానికి మెకానిక్ మురుగన్ వచ్చాడు. ఉన్నవాటిలో పెద్ద యూనిట్ ఎంచుకుని, సందులో సరిగ్గా ఆయన యూనిట్‌కు ఎదురుగా బిగించమన్నాను.

"వద్దక్కా, సందు ఇరుకు. ఒకదాని వేడి ఇంకోటి పీలుస్తాది. రెండిండ్లూ చల్లబడవు. మాడిమీద, డాబాపైన పెడదాం, అక్కడ గాలాడతాది."

కంప్రెసర్ కూడా కాలిపోవచ్చట. మా వారు వచ్చి, సొంత అన్నతో ఈ పోరేమిటని అంటారేమో...

"ఇక్కడే పెట్టప్పా" అన్నాను.

వేడి నాకు నాలుగేళ్లుగా అలవాటే. బావగారు ఒక్క రాత్రి కూడా తట్టుకోలేడు.