చీటీల డబ్బా

అక్కా,

నువ్వు చెప్పినట్టే ఏడో తరగతి పిల్లల్ని అయిదుగురేసి గుండ్రంగా కూర్చోబెట్టి కథలు చదివిస్తున్నాను. ఒకరు ప్రశ్నలడగాలి, ఒకరు బొమ్మ వేయాలి, ఒకరు కథలో మనిషిలా మాట్లాడాలి. ఎదుటివాళ్ల బాధ తెలుస్తుందన్నావు. బాగానే తెలిసింది.

పుస్తకం అయిపోయాక నేనే బుద్ధి తక్కువ పని చేశాను. ఎవరి మనసు తెలుసుకోవాలనుందో ఆ పేరు చీటీ మీద రాసి డబ్బాలో వేయమన్నాను. ఏ పేరొస్తే అందరూ ఆ మనిషిలా మాట్లాడాలి. మొదటి చీటీలో నత్తిగా మాట్లాడే అమ్మాయి పేరొచ్చింది. ఆ పిల్ల ఇంటికెళ్లి ఏమని ఏడుస్తుందో మిగతా పిల్లలు పూసగుచ్చినట్టు చెప్పారు. ఒక్కరూ నవ్వలేదు. మర్నాటి నుంచి ఆ పిల్ల బడికి రావడం లేదు.

నిన్న, బొమ్మలు వేసే అమ్మాయి నన్ను మెల్లగా అడిగింది.

"ఇంట్లో ఇప్పుడు మీరొక్కరేనా టీచర్? క్యారేజీలో ఒక్క గిన్నే తెచ్చుకుంటున్నారు."

ఇవాళ కొత్త చీటీలు వేశారు. వాళ్లు వెళ్లాక డబ్బా తీసి చూశాను. ముప్పై చీటీలు, ముప్పై రకాల చేతిరాతలు. అన్నిటి మీదా ఒకటే మాట: టీచర్.

మీ మరిది నన్నొదిలి ఎందుకు వెళ్లిపోయాడో నేను నీక్కూడా చెప్పలేదక్కా. రేపు వాళ్లు చెప్పేస్తారు.

నీ చెల్లి