గెలిచినోళ్ల తట్ట

నా పేరు హుసేనమ్మ. వయసు డెబ్బై ఎనిమిది. పుట్టింది పెద్దవంకలో, మెట్టింది వంకకు ఆవలి ఒడ్డున గుండ్లపల్లిలో. ఇప్పుడు అమెరికాలో మనవరాలు షాహీన్ ఇంట్లో ఉన్నాను. ఇంట్లో షాహీన్, ఆమె మొగుడు, ఏడాది నిండని పాప, నేను. నాకు చదువు రాదు. నేను చెబుతుంటే షాహీన్ రాస్తోంది. నా మాటను దిద్దుకుంటే దిద్దుకో, ఎవరేమన్నారో అది మాత్రం ఉన్నదున్నట్టు రాయమని చెప్పాను.

తమ్ముడు మస్తాన్‌కు అక్క దువా. నువ్వు, మరదలు, పిల్లలు కుశలమే కదా? నీ మోకాలి నొప్పి ఎట్లా ఉంది? చెనిక్కాయల పంట ఈసారైనా చేతికొచ్చిందా, ఒట్టి కట్టె మాత్రమే మిగిలిందా? నేను బాగున్నాను, దిగులు పడొద్దు.

ఇక అసలు సంగతి. జిల్లాను రెండు చేశారు కాబట్టి ఉగాది కబడ్డీని కూడా రెండు చేస్తారని ఫోన్‌లో అన్నావు. మీ పెద్దవంకను తాడిపత్రి వైపు ఊళ్లతో, మా గుండ్లపల్లిని లేపాక్షి వైపు ఊళ్లతో కలుపుతారట. కప్పు ఇచ్చే బండల ఫ్యాక్టరీ ఆయన అట్లా అడిగాడట. శుక్రవారం కమిటీలో నువ్వు సరే అంటావట. అది విన్నప్పటి నుంచి నాకు ముద్ద దిగడం లేదు. ఒద్దు మస్తాన్. సరే అనొద్దు. ఫోన్‌లో చెబితే "ఊ అక్కా, ఊ అక్కా" అని పెట్టేస్తావు. అందుకే రాయిస్తున్నాను. షాహీన్ ఫోటో తీసి పంపుతుంది, నలుగురి ముందు చదివించు.

ఇక్కడ చలి ఎట్లాంటిదంటే, ఆరేసిన చీర అట్టముక్క మాదిరి నిలబడుతుంది. వీధంతా మంచు. ఆ మంచంతా నీళ్లే కదా, మన చెరువులోకి తోలుకుపోతే ఎంత బాగుండు అనిపిస్తుంది. పగలు పాపను ఆడిస్తాను. షాహీన్ ఆస్పత్రిలో నర్సు పని ముగించుకుని వచ్చేదాకా నాతో మాట్లాడే మనిషి ఉండదు. గోడతో మాట్లాడేదాన్ని. ఇప్పుడు పక్కింటి ముసలి జంట ఉంది, బాగానే ఉన్నాను.

ఆయన ఫ్రాంక్. ఈ ఊరివాడే. ఆమె మేరీ. రాష్ట్రం సరిహద్దు దాటితే వచ్చే పెద్ద పట్నంలో పుట్టింది. ఈ రెండు ఊళ్లకూ ఫుట్‌బాల్‌లో బద్ధవైరం. ఫుట్‌బాల్ అంటే కాలితో తన్నేది కాదు. కోడిగుడ్డు ఆకారం బంతిని చంకలో ఇరికించుకుని పరుగెత్తుతారు, ఎదుటివాళ్లు పట్టి పడదోస్తారు. మన కబడ్డీకి బంతి చేర్చినట్టుంది, కూత ఒక్కటే తక్కువ. మ్యాచ్ రోజు ఆ మొగుడూ పెండ్లాలు ఒక సోఫాలో కూర్చోరు. తలుపుకు ఆ పక్క ఆయన జెండా, ఈ పక్క ఆమె జెండా.

మొదటి మ్యాచ్‌లో ఫ్రాంక్ ఊరు గెలిచింది. నేనుండేది ఈ ఊళ్లోనే, అంటే నేనూ గెలిచినట్టే. లేచి నేను అన్నం తినే స్టీలు తట్ట కడుక్కున్నాను.

"తట్టెందుకవ్వా?" అని షాహీన్ అడిగింది.

"ఓడినోళ్లింట్లో కూడు కదమ్మే. నీ తట్టా తెచ్చుకో, పోదాం."

కమిటీలో కొత్త పిల్లలకు తెలియదేమో, చెబుతున్నాను. మన రెండూళ్ల కబడ్డీలో ఓడిన ఊరు రాగిసంగటి కెలికి, ఊరిబిండి పచ్చడి నూరి పెట్టాలి. గెలిచిన ఊరు ఎవరి తట్ట వాళ్లు పట్టుకుని వంక దాటి పోవాలి. ఆట అంటే లోకమంతా ఇట్లాగే అనుకున్నాను నేను. షాహీన్ ఆపేలోపే మేరీ ఇంట్లో కూర్చుని తట్ట ముందర పెట్టుకున్నాను. షాహీన్ సిగ్గుతో చచ్చిపోతూ ఆమెకు సంగతి చెప్పింది. మేరీ నడుం మీద చేతులు పెట్టుకుంది. ఆమె ఇంగ్లీషును షాహీన్ మన మాటలోకి తిప్పింది.

"ఓడిపోయి నేను ఏడుస్తాంటే, మల్లా మీకు వండి పెట్టల్లనా? ఎవురు పెట్టినారు ఈ రూలు?"

"మా ఊరోళ్లు" అని చెప్పమన్నాను.

"మీ ఊరోళ్లు చానా చెడ్డోళ్లు" అని పకపకా నవ్వి, చిక్కుడుగింజల చారు, మొక్కజొన్న రొట్టె పెట్టింది. ఫ్రాంక్ చెంచా చెంచాకూ "గెలిచినోని కూడు రుచే వేరు" అంటూ ఆమెను ఉడికించాడు. రెండో మ్యాచ్ మేరీ ఊరు గెలిచింది. ఆ మంచులో తట్టను చెంచాతో వాయించుకుంటూ వచ్చి మమ్మల్ని కూడా పిలుచుకుపోయింది. ఫ్రాంక్ ఆలుగడ్డలు ఒక పక్క మాడ్చాడు. "కావాలనే మాడ్చినావు, నాకు తెల్దా?" అని ఆమె ఒకటే తిట్టు. తిడుతూనే మొత్తం తినేసింది.

ఆ రోజే నీ సంగతి వాళ్లకు చెప్పాను. ఫ్రాంక్ కాగితం మీద దేశం పటం గీశాడు. మునుపు ఇక్కడ రెండు లీగులు వేరువేరుగా ఉండేవట, తర్వాత ఒకటయ్యాయి. గుంపులు కట్టారు, మళ్లీ మార్చారు. ఇప్పుడు ముప్పై రెండు టీములు, నాలుగేసి టీములకు ఒక గుంపు. ఒక గుంపులోని వాళ్లు ఏటా రెండుసార్లు తలపడాలి. ఒకటి వీళ్ల ఊళ్లో, ఒకటి వాళ్ల ఊళ్లో. ఎన్ని మార్పులు చేసినా ఫ్రాంక్ ఊరినీ మేరీ ఊరినీ మాత్రం విడదీయలేదు. ఇంకో వింత విను. దక్షిణాన ఎండలు కాచే ఒక పెద్ద పట్నం ఉంది. పటం చూస్తే దానికి తూర్పు గుంపులో పనే లేదు. తూర్పు ఊళ్లతో పాత పగ ఉందని దాన్ని అక్కడే ఉంచారు!

"పటం గీసేటోడు గీసుకుంటాడు. పగ యాడుండాదో ఆటను ఆడ పెట్టల్ల" అన్నాడు ఫ్రాంక్.

ఎంత తెలివైన మాట! నేను లేచి ఆయనకు సలాం చేశాను. వీళ్లలోనూ పాడు పనులున్నాయి. దుడ్ల కోసం యజమాని టీమును ఇంకో ఊరికి తోలుకుపోతాడట, పాత ఊరి ముసలివాళ్లు ఇప్పటికీ తిట్టుకుంటారట. అది నాకు నచ్చలేదు. కానీ పోటీని ఇంత భద్రంగా కాపాడుకోవడం చూస్తే ముచ్చటేస్తుంది.

నీకు గుర్తుందా, మా గుండ్లపల్లి బావులన్నీ ఎండిపోయిన ఏడు నాయన పెద్దవంక నుంచి ఎద్దులబండ్ల మీద డ్రమ్ములతో నీళ్లు తోలించాడు. మా మామ మొహమాటపడితే నాయన అన్నాడు: "తాగప్పా, తాగు. మీరు ఎండి సస్తే వచ్చే ఉగాదికి మేము ఎవురిని ఓడించల్ల?"

తాడిపత్రి వైపు ఊరు ఏదైనా నీకు అట్లా నీళ్లు తోలుతుందా? వాళ్లు మంచోళ్లే. నీ మొహం ఎరగరు, అంతే.

ఇంకొకటి చెప్పి ముగిస్తాను. కొత్త పెళ్లికూతుర్ని అయినప్పుడు మా అత్త నన్ను పుట్టింటికి పంపేది కాదు. ఉగాది కబడ్డీకి మాత్రం ఊరంతా కదిలేది, ఆపలేకపోయేది. మేము గెలిస్తే నేను తట్ట పట్టుకుని మీ ఇంటికి వచ్చేదాన్ని. ఓడితే మీరు తట్టలు పట్టుకుని మా ఇంటికి వచ్చేవాళ్లు. గెలిచినా ఓడినా నేను నాయన మొహం చూసేదాన్ని. ఆ ఆట నాకు పుట్టింటి దారి మస్తాన్. ఇప్పుడు గుండ్లపల్లిలో మీ ఊరి ఆడబిడ్డలు ఎంతమంది కోడళ్లుగా ఉన్నారో నీకు తెలుసు.

గుంపులు ఎట్లాగైనా కట్టుకోండి. పెద్దవంక, గుండ్లపల్లి ఆట మాత్రం ఏటా ఉగాదికి జరగాలి. ఫ్యాక్టరీ ఆయన ఒప్పుకోకపోతే కప్పు లేకుండా ఆడండి. మనకు కప్పు ఎప్పుడు కావాల్సొచ్చింది?

ధర్మవరం నుంచి ఎవరైనా ఇటు వస్తుంటే ఊరిబిండి, ఎండుమిరపకాయలు పంపు. కోనేటి వీధి పెద్దమ్మకు నా సలాం చెప్పు. పిల్లలకు దువా. నాకోసం నువ్వూ దువా చేయి.

ఈసారి గెలుపు మాదే, మీ ఆడవాళ్లను రాగులు విసిరి పెట్టుకోమను. నా తట్ట గుండ్లపల్లిలో అటక మీదుంది. నా బదులు నా కోడలు తెస్తుంది. అంచు సొట్ట పోయి ఉంటుంది, చూస్తే గుర్తుపడతావు. దాన్ని ఖాళీగా వంక దాటించొద్దు.

ఇట్లు నీ అక్క,
హుసేనమ్మ ఎడమచేతి బొటనవేలి ముద్ర

సాక్షులు:
మేరీ (పోయిన మ్యాచ్ గెలిచింది కాబట్టి మొదటి సంతకం తనదేనని పట్టుబట్టింది)
ఫ్రాంక్

రాసింది: షాహీన్