తీసేయాలని రాసిన చీటీ

జూలై 14, సోమవారం

వదినకు,

నీ ఆడపడుచు నమస్కారాలు. ఇక్కడ అందరం కులాసా. అన్నయ్యను, పిల్లలను అడిగానని చెప్పు.

నీ ఉత్తరం చదివి ఒళ్లు మండింది. ముందు సమస్య ఇచ్చి, పిల్లలు దానితో కుస్తీపట్టాక పాఠం చెప్పే నీ పద్ధతికి ఆధారం చూపకపోతే, వచ్చే నెల నుంచి పాత పద్ధతేనని మీ హెడ్మాస్టరు అన్నారా? ఆయన నోరు మూయించే కబురు ఒకటుంది, విను.

ఆ పద్ధతి మీద వచ్చిన అధ్యయనాలన్నీ పోగేసి, వేటిని లెక్కలోకి తీసుకోవచ్చో తేల్చడమే కదా మా ఆఫీసు పని. ఆరువందల పన్నెండు వచ్చిపడ్డాయి. రాసినవాళ్ల పేర్లు కప్పేసి ఒక్కోదాన్ని ఇద్దరికిస్తారు. ఒకరికి తెలియకుండా ఒకరు చదివి, ఉంచాలో తీసేయాలో కారణంతో సహా చీటీ మీద రాయాలి.

చీటీలు పక్కపక్కన పెట్టి చూస్తే నాకూ, ఎదుటి బల్ల పెద్దాయనకూ ఒక్కదాని దగ్గర పేచీ వచ్చింది. ఎవరో టీచరు రాసింది. పోల్చి చూడటానికి రెండో క్లాసు లేదు కాబట్టి తీసేయాలని నేను రాశాను. ఆయనేమో ఉంచాలని రాశారు. మార్కులు పెరిగాయా అని తేల్చాలంటే రెండో క్లాసు కావాలి గానీ, పిల్లలు ఎలా నేర్చుకున్నారో చూడటానికి ఎందుకమ్మా అని అడిగారు. పైగా చివరిదాకా నోరు విప్పని ఇద్దరు పిల్లల గురించి కూడా ఆ టీచరు దాచకుండా రాసిందని మురిసిపోయారు. మా నియమాల కాగితం తీసి చూస్తే ఆయన మాటే నిజం. నా మొహం మాడిపోయింది.

చివరికి దాన్ని ఉంచారు. శుక్రవారం జాబితా పేర్లతో సహా బయటికొచ్చింది. దాని నకలు ఒకటి జతచేశాను, తీసుకెళ్లి మీ హెడ్మాస్టరు బల్ల మీద పెట్టు. నాకైతే కడుపు నిండినట్టుంది.

ఇట్లు,
నీ గయ్యాళి ఆడపడుచు

తా.క.: జాబితాలో నలభై మూడోది చూడు. నీ పేరే. పేరు కప్పారు గానీ అందులోని ఫొటో కప్పలేదు వదినా. కారే కుళాయి కింద, గంటలో ఎన్ని నీళ్లు పోతాయో కొలవడానికి పిల్లలు పెట్టిన నీలం బకెట్ మనింటిదే. పిడి విరిగితే తాడు కట్టింది నేనే కదా! వదినను వెనకేసుకొచ్చానంటారన్న భయంతో గబగబా తీసేయాలని రాసేశాను. మర్నాడు మా పెద్దమేడం దగ్గర ఒప్పేసుకున్నాను. ఆవిడ నా చీటీ చించేసి, నువ్వు రాసినదాన్ని నువ్వెవరో తెలియని ఇంకొకరికి చదవమని ఇచ్చారు. ఆ కొత్తాయనా ఉంచాలనే రాశారు. అంచేత ఇందులో నా దయ పిసరంత కూడా లేదు, నా తప్పే ఉంది. క్షమించు.

బకెట్ తిరిగిమ్మని అడుగుదామనుకున్నాను గానీ, దాని మీద నా చీటీ ఇది: బడిలోనే ఉంచాలి.